తార్‌బహార్ పై అంతస్తు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను బిలాస్‌పూర్‌కు బ్యాంకు టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పెద్దదే కాని చేసే పని ఒకటే. ఇంటి అప్పుకు దరఖాస్తు వస్తే ఆ ఇల్లు చూసి, దాని విలువెంతో, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందో నివేదిక ఇవ్వాలి. ఆ రెండోదాన్ని ‘మిగులు ఆయుష్షు’ అనేవాళ్లం. అప్పు గడువుకంటే అది తక్కువైతే మేనేజరు సంతకం పెట్టడు.

ఆ చలికాలం తార్‌బహార్‌లో, అరవైల్లో కట్టిన మూడంతస్తుల భవనంలో పై ఫ్లాట్ అమ్మకానికి వచ్చింది. కొనదలచినావిడ సింహాచలమ్మగారు, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి కొత్తగా రిటైరయ్యారు. నేను వెళ్లేసరికే యజమానిచేత తాళం తీయించి, గదులు తుడిపించి ఉంచారు.

మొజాయిక్ గచ్చు చెక్కుచెదరలేదు. తలుపులు టేకువి. కాని బాల్కనీ శ్లాబును సుత్తితో తడితే బోలు చప్పుడు వచ్చింది. పెచ్చు తీస్తే లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి పొరలుగా రాలింది. స్తంభాల్లోనూ నిలువు బీటలే.

“ఏటి బాబూ, ఏటీ పలకరు?” అన్నారావిడ.

ఊరి చివర కోని పేట వైపు కొత్త ఫ్లాట్లుండగా ఈ పాతదే ఎందుకని అడిగాను.

“మా నాన్న రైలింజన్ల షెడ్‌లో ఖలాసీ. రోడ్డుకవతల ఒంటిగది క్వార్టర్‌లో అందరం ఒకే చాప మీద పడుకునీవోళ్లం. ఈ బాల్కనీలో ఒక టీచరమ్మ కుర్చీ ఏసుకుని, ఒక్కర్తీ కూకుని సదువుకునీది. నాను నీళ్ల బిందె దింపీసి ఆవిడ్నే సూస్తా ఉండిపోయీదాన్ని. పెళ్లయినాకా క్వార్టర్లే. ఒక్క గోడకి మేకు కొట్టుకోనేదు బాబూ. మనది కాదు కదా.”

నివేదికలో ఏముందో దరఖాస్తుదారుకు చెప్పకూడదని నియమం. అయినా బాల్కనీలోకి అడుగు పెట్టవద్దని చెప్పక తప్పలేదు. ఎందుకన్నదీ చెప్పక తప్పలేదు.

“మందు నేదా?” అన్నారు, వార్డులో రోగి గురించి అడిగినట్టు.

భవనంలో వాళ్లంతా కలిసి బాగుచేయించినా కొద్ది ఏళ్లేనన్నాను. ఆవిడ గడప ఇవతలే నిలబడి, ఖాళీ బాల్కనీని చాలాసేపు చూశారు. కొంగుతో తలుపు మీది దుమ్ము తుడిచి, తనే గడియ వేశారు.

అప్పు రాలేదు. కోని దారిలో గట్టి కట్టడం ఒకటి చూసి నేనే ఆవిడకు చెప్పాను. కొన్నారు. గృహప్రవేశానికి నన్ను పిలిచి, పులిహోర వడ్డిస్తూ మెల్లగా అన్నారు: “ఇల్లు అచ్ఛాగానే ఉంది బాబూ. బీటల్లేవు. కాని దీన్ని నానెప్పుడూ కోరుకోనేదు.”

మరుసటి ఏడాది తార్‌బహార్ భవనాన్ని ఖాళీ చేయించి కూల్చేశారు. నా నివేదిక సరైనదే, ఈ రోజైనా అదే రాస్తాను. ఒక ఇల్లు నిలవదని చెప్పడం నా వృత్తి. దానికి బదులు ఫలానాది సరిపోతుందని చెప్పడం కాదు. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరికీ ఇల్లు సూచించలేదు.