పెద్ద పడవకు ఏడాదికోసారి

పంజాగుట్టలో నాకొక కళ్లద్దాల షాపు ఉంది. కొత్త అద్దాలు ఫ్రేములో కూర్చేదాకా వచ్చినవాళ్లు నా ఎదురుగా స్టూలు మీద కూర్చోవాల్సిందే. పాత కళ్లజోడు నా చేతిలో ఉంటుంది కనుక ఎటూ పోలేరు. కథలు చెప్పేవాడికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మా సిగ్నల్ దగ్గర ఆటో ఎక్కేటప్పుడు నున్నగా గీసుకుని ఉన్న ఒకాయన, ఆ ట్రాఫిక్ దాటి అమీర్‌పేటలో దిగేసరికి పెరిగిన గడ్డం సవరించుకుంటూ దిగడం నేను కళ్లారా చూశాను. నమ్మితే ముందుకు చదవండి. నమ్మకపోయినా చదవండి, ఇక్కడినుంచి చాలా భాగం నిజమే.

షాపులో నేను మళ్లీ మళ్లీ చెప్పే కథ ఊరి బయట ఉన్న పార్కుది. ఏటా ఆషాఢంలో మా అత్తగారు బల్కంపేట ఎల్లమ్మకు బోనం తీసుకెళ్తుంది. ఆ తర్వాతి ఆదివారం ఆవిడా, మా ఆవిడా, మా అమ్మాయీ, నేనూ కలిసి ఆ పార్కుకు పోయి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు సాయంత్రానికి మధురానగర్‌లోని మా ఫ్లాటుకు చేరతాం. ఎవరూ పెట్టుకున్న నియమం కాదు. ఒక ఏడాది అలా జరిగింది, మరుసటి ఏడాదీ అలాగే జరిగింది, ఆ తర్వాత అదే పద్ధతైపోయింది.

ఆ పార్కును మెచ్చుకోవడానికి నాకు అబద్ధాలు అక్కర్లేదు. పొద్దున్నే దారులన్నీ కడిగి ఉంటాయి. చినుకులు పడుతున్నా గేటు దగ్గర డప్పులవాళ్లు మానరు. వచ్చిన ప్రతి కుటుంబం పెళ్లివారేనన్నట్టు వాయిస్తారు. అన్నిటికన్నా గొప్పది పెద్ద పడవ. రెండు వైపులా ఎదురెదురుగా జనం కూర్చుంటే, ఇనుప కమ్మీలకు వేలాడే ఆ పడవ ఊయలలా ముందుకూ వెనక్కూ ఊగుతూ చెట్ల తలలదాకా లేస్తుంది.

చెట్ల తలలదాకా లేస్తుందన్నది ఆషాఢం లెక్క. షాపులో చెప్పగా చెప్పగా దసరాకు అది మేఘాలను తాకుతుంది. ఉగాది వచ్చేసరికి, పైనున్నప్పుడు చార్మినార్ గడియారం చూసి నా వాచీలో టైము సరిచేసుకుని ఉంటాను. మళ్లీ ఆషాఢంలో పోయి చూస్తే పాపం అది చెట్ల దగ్గరే ఉంటుంది. కథ కాస్త ఎదిగి నిలబడేలోపే నిజం వచ్చి దాని చెవి పట్టుకుంటుంది. అందుకే ఈ పార్కుకు ఏటా పోవడం నా వృత్తికి మంచిది కాదని నాకు చాలాకాలంగా అనుమానం.

పడవ మెట్ల దగ్గర ఒక చెక్క బంటు నిలబడి ఉంటాడు. తలపాగా, బుర్ర మీసాలు, పక్కకు చాచిన చెయ్యి. ఆ చేతికి తల తగిలితే పడవ ఎక్కొచ్చు. తగలకుండా కిందినుంచి వెళ్లిపోతే ఇంకా చిన్నపిల్లలు, మర్యాదగా పక్కకు జరగాలి. మా అమ్మాయి ఏటా ఆ బంటు ముందు నిలబడి ఓడిపోతూ వచ్చింది.

పోయిన ఏడాది మా అత్తగారు దానికి సాయం పట్టింది. మనవరాలి జుట్టంతా నడినెత్తికి లాగి, లోపల నా చేతిరుమాలు ఉండచుట్టి కుక్కి, పైన కొప్పు బిగించింది. దాంతో పిల్ల తల బంటు చేతికి తగలడం కాదు, చేతిని పైకి ఎత్తేలా ఉంది. అక్కడ టికెట్లు చూసే మనిషికి కూడా బంటులాగే పెద్ద మీసాలున్నాయి. ఆయన అరచేత్తో కొప్పును మెల్లగా నొక్కాడు. అది మెత్తగా దిగబడింది.

"అమ్మా, ఇది తల కాదు, గోపురం," అన్నాడు.

"మా ఇంట్ల అందరి తలలు గిట్లనె ఉంటయ్," అంది మా అత్తగారు, కన్ను ఆర్పకుండా.

"నా నౌకరి పోతదమ్మా. వచ్చే ఏడు తీస్కరా, నేనే చెయ్యి పట్టి ఎక్కిస్త."

అమ్మాయి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. అంతకుముందు ప్రతి ఏడాదీ పడవ ఎక్కిన మా అత్తగారు ఆ రోజు మెట్ల మీదినుంచి తిరిగి కిందికొచ్చింది.

"ఏడువకు బిడ్డా. వచ్చే ఏడు మనమిద్దరం కలిసే ఎక్కుదం. నువ్వు లేకుండ నేను సుత ఎక్క."

ఈ ఏడాది బోనాల రోజున ఎప్పటిలాగే బల్కంపేట సందులన్నీ జనమే. మా అత్తగారు నడుస్తుంటే చూడాలి. కుండలో బోనం, పైన వెలిగే దీపం, చుట్టూ తోపులాట, ఆవిడ మెడ మాత్రం కదలదు. కింద కాళ్లు ఒక మనిషివి, పైన తల ఇంకో మనిషిది అన్నట్టుంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ నడక చూసే, ఈ ఇంట్లో ఎవరితోనూ పంతానికి పోకూడదని నిర్ణయించుకున్నాను. ఈసారి గుడి ఇంకా కొంత దూరం ఉండగానే ఆగి, బోనం దించి మా ఆవిడ తలమీద పెట్టింది.

"జర పట్టుకో బిడ్డా, కొంగు సర్దుకుంట."

కొంగు సర్దుకోవడం గుడిదాకా సాగింది. బోనం మళ్లీ అడగలేదు. జనంలో ఎవరూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున, పార్కు బదులు పంచాయితీ మొదలైంది. మా ఆవిడ దోసెలు పోస్తూ వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

"గా పార్కు తప్ప దేశంల ఇంకేం లేదా? ఏటేటా గదే గది, గదే పూరి, గదే డప్పు. ఇగ మూడేండ్లకొకపారి పోదం. నడుమల అరకు, ఊటీ ఏదన్న చూద్దం."

నేను వెంటనే ఆవిడ పక్షం చేరాను. నా కారణం వేరు. మూడేళ్ల వ్యవధి దొరికితే ఆ పడవను బంగాళాఖాతం దాటించగలను.

"మంచి ఆలోచన," అన్నాను. "నాకూ కాస్త ఊపిరాడుతుంది."

"నీకెందుకు ఊపిరి? షాపుల అబద్దాలు పెంచుకోనీకా?" అంది మా ఆవిడ.

అమ్మాయి లేచి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. "నేనిప్పుడు బంటు చేతికి తగుల్తా. కావాలంటే చూడండి. మూడేళ్లంటే ఎట్లా?"

అప్పుడే మా అత్తగారు వచ్చింది. బల్కంపేటనుంచి మా ఇంటికి ఆవిడ ఆదివారాలు నడిచే వస్తుంది. దారిలో కూరలు బేరమాడుతూ రావడం ఆవిడకు సరదా. ఈ మధ్య మాత్రం ఆటో దిగుతోంది. ఎందుకని అడిగితే, చెప్పులు కొత్తవి, బురద అంటుతుంది అనేది. వచ్చి తోటకూర కట్ట ముందేసుకుని కూర్చుంది. విషయం మా ఆవిడ చెప్పింది. మా అత్తగారు ఆకులు తుంచుతూనే విన్నది.

"మూడేండ్లకు పోండ్రి. మంచిదే," అంది. "అప్పటికి పిల్ల పడవ ఎక్కుతది. పక్కన ఎవరు కూసుంటరో గిది ఇప్పుడే సూసుకోండ్రి."

కోపంగా అనలేదు. పప్పులో ఉప్పు చూసుకోండి అన్నట్టు అంది. పెనం మీద దోసె మాడింది.

నేను ఆవిడ చెప్పుల వంక చూశాను. కొత్తవేం కావు, మడమ దగ్గర అరిగిపోయి ఉన్నాయి. సాకులు, కల్పనలు నా వృత్తి కాబట్టి పక్క మనిషి అదే పని చేస్తే వాసన పట్టగలనని నాకు గర్వం. చెప్పుల సాకును నెలరోజులు నమ్మాను. కొంగు సాకును గుడిదాకా నమ్మాను. ఇంత చక్కగా, ఒక్క మాట ఎక్కువ వాడకుండా చెప్పేవాళ్లను నేను చూడలేదు. నేనైతే మోకాలి నొప్పి దాచడానికి ఒక ఏనుగును, ఇద్దరు పోలీసులను తెచ్చి ఉండేవాణ్ణి.

పిల్ల ఏటా ఇంత ఎదుగుతోంది. ఈవిడ ఏటా ఇంత తగ్గుతోంది. పిల్ల ఎక్కగలిగి, ఈవిడ ఇంకా ఎక్కగలిగే ఏడాది ఇదొక్కటే కావచ్చు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా ఆవిడ గ్యాస్ కట్టేసి లోపలికి వెళ్లి, బీరువా మీదినుంచి బ్యాగు దించింది.

"తోటకూర ఫ్రిజ్‌ల పెట్టమ్మా. వచ్చినంక వండుకుందం," అంది.

ఈసారి అమ్మాయికి కొప్పు లేదు. అమ్మమ్మ నూనె రాసి, జుట్టు తలకు అంటుకుపోయేలా దువ్వి, రెండు జడలు వేసింది. బంటు చేతి కింద నిలబడితే నున్నటి తల వచ్చి అరచేతికి ఆనింది. మీసాలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. వంగి, తల మీద వేలుతో తట్టి చూశాడు.

"గీసారి అసలు తలనే," అని నవ్వి, మాట ఇచ్చినట్టే చెయ్యి పట్టి మెట్టెక్కించాడు. ఆ తర్వాత మా అత్తగారి వంక చూశాడు. ఆవిడ రెండో మెట్టు మీద కమ్మీ పట్టుకుని ఆగి ఉంది.

"అమ్మా, నువ్వు వద్దులే. కండ్లు తిరుగుతయ్."

"తిరిగితె తిరగనీయ్. గవ్వి నా కండ్లే గదా."

"మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఎక్కొద్దని బోర్డు సుత ఉన్నది."

"నెత్తిమీద బోనం పెట్టుకొని బల్కంపేట జనంల నడిసినదాన్ని. నీ పడవల కూసుండుడే గదా, నడుసుడు లేదు గదా. మోకాళ్లతోని ఏం పని?"

మీసాలాయన బోర్డు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. దీనికి జవాబు బోర్డు మీద రాసి లేదు. వెనక వరుసలో ఎవరో "పోనీ భాయ్, మా అందరికన్న గట్టిగున్నది" అన్నారు. ఆయన పక్కకు జరిగి, అడ్డుకమ్మీ తనే రెండుసార్లు లాగి చూసి బిగించాడు.

నేను ఎదురు వరుసలో కూర్చున్నాను. మా ఆవిడ కింద ఫోను పట్టుకుని నిలబడింది. పడవ కదిలింది. ఇక్కడ నేను ఒక్క అంగుళం కూడా కలపడం లేదు. పడవ పైకి పోతుంటే జనం మెడలన్నీ వెనక్కి వాలాయి, దిగుతుంటే ముందుకు పడ్డాయి. నా కళ్లజోడు ఒక చెవికి వేలాడింది. మా అత్తగారి మెడ మాత్రం కదల్లేదు. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి మనవరాలి చేతిలో, తల నిటారుగా, నెత్తిన ఇంకా దీపం వెలుగుతోంది, దాన్ని ఆర్పకుండా తీసుకెళ్లాలి అన్నట్టు కూర్చుంది. అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెరువ్ బిడ్డా. గిదంత సూడనీకే గదా వచ్చినం."

పిల్ల కళ్లు తెరిచింది. ఆ తర్వాత మూయలేదు.

పడవ ఆగాక అందరూ దిగిపోయారు. మా అత్తగారు లేవలేదు. చీర చెంగు తీసి మళ్లీ మడతలు పెడుతోంది.

"మీరు పోండ్రి. కొంగు సర్దుకొని వస్త."

ఇంక ఆ సాకు నాకు తెలుసు. దానికి తోడు నాదొకటి కలిపాను. వెళ్లి ఆవిడ పక్కన నిలబడి, "అత్తయ్యా, నాకు కళ్లు తిరుగుతున్నాయి. కాస్త పట్టుకుంటారా?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆన్చి లేచింది. మెట్లు ఒక్కొక్కటే దిగుతూ మీసాలాయనకు వినపడేలా అంది:

"గింత పిరికి అల్లుడు దొరికిండు నాకు. పట్టుకొని నడిపియ్యాలె."

ఆయన నా వంక జాలిగా చూశాడు. నా జీవితంలో అంత ఆనందంగా ఎవరి జాలినీ అందుకోలేదు.

మర్నాడు తిరిగొస్తుంటే ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఇరుక్కుపోయింది. పిల్ల అమ్మమ్మ ఒళ్లో తల పెట్టి నిద్రపోతోంది. బయటికి చూస్తూ కూర్చున్న మా ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది.

"అమ్మా, వచ్చే ఏడు బోనం నేనెత్తుకుంట. ఇంటికాన్నుంచి గుడిదాక."

మా అత్తగారు ఒళ్లో ఉన్న మనవరాలి జడ సర్దింది.

"నీ మోకాళ్లు పడవకు ఉంచుకో. ఏటా పోదం."

"ఎల్లమ్మ ఏమనుకుంటదో."

"ఎల్లమ్మకు నేను చెప్త."

"ఏం చెప్తవ్?"

"మా అమ్మ కొంగు సర్దుకుంటున్నదని చెప్త."

వెనక సీటులో నవ్వు మొదలైంది. పిల్ల లేవకుండా ఆపుకోవాలని చూసింది కానీ, పడవలో కదలని మెడ ఆ నవ్వుకు ఊగిపోయింది.

రెండు వారాల తర్వాత కళ్లద్దాలు మార్పించుకోవడానికి ఆవిడ షాపుకు వచ్చింది. నేను ఒక గిరాకీకి పడవ కథ చెబుతున్నాను. అప్పటికే దాన్ని మేఘాలకు ఒక జానెడు కిందిదాకా లేపాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా విని, ఆ మనిషితో మెల్లగా అంది:

"మా అల్లుడు జర తక్కువ చెప్తుండు. భయానికి కండ్లు మూసుకున్నడు గదా, సూడలే. మేం పైకి పోయినప్పుడు పడవ ఆగింది. ఎల్లమ్మ గుడి కనవడ్డది. దీపం పెట్టేటామె తలకాయ ఎత్తి, ఏం అక్కా, గీసారి పైకెల్లి వచ్చినవా అని అడిగింది. నేను చెయ్యూపిన."

ఆ గిరాకీ నోరు తెరిచి వింటున్నాడు. నేను చెప్పినప్పుడు ఆయన ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

"మళ్లీ ఎప్పుడు వెళ్తున్నారమ్మా?" అని అడిగాడు.

"ఏటా పోతం," అంది మా అత్తగారు, కొత్త కళ్లజోడు పెట్టుకుని నావైపు చూస్తూ. "గా దీపం పెట్టేటామెకు మాటిచ్చిన."