డల్సీ పదమూడు వారాల సెలవు

మెల్‌బోర్న్‌లో సిడ్నీ రోడ్డు ట్రాము ఎక్కేవాళ్ళలో కండక్టరు డల్సీ ప్రెస్కాట్‌ను ఎరగనివాళ్ళు లేరు. పొట్టి మనిషి, భుజానికి తోలు సంచీ, రెండు వీధుల అవతలికి వినిపించే గొంతు. బండి ఎంత కిక్కిరిసినా ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కరి కాలూ తొక్కకుండా నడిచేది. చిల్లర లేదని నసిగేవాళ్ళను ఆమె ఏమీ అనేది కాదు, ఊరికే కాసేపు చూసేది. అంతే, చిల్లర దొరికేది. ఇప్పుడా ట్రాముల్లో కండక్టర్లు లేరు. నువ్వెక్కావా దిగావా అని అడిగే దిక్కు లేదు. హాయిగా ఉందంటారు కొత్తవాళ్ళు. వాళ్ళు డల్సీని చూళ్ళేదు కాబట్టి అంటారు.

1964తో ఆమె ఉద్యోగానికి పదిహేనేళ్ళు నిండాయి. పదిహేనేళ్ళు నిండితే జీతంతో పదమూడు వారాల సెలవు. పూర్వం దొరలు ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళి రావడానికే ఆ సెలవు పెట్టారని డిపోలో పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇంగ్లండ్ అని కూడా ఎవరూ అనేవారు కాదు, "ఇంటికి పోవడం" అనేవారు. పుట్టి బుద్ధెరిగి మెల్‌బోర్న్ దాటనివాడు కూడా "ఒకసారి ఇంటికి పోయి రావాలి" అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు చూస్తే, పొద్దున వదిలిపెట్టిన ఇంటికి సాయంత్రం చేరలేకపోతున్నాడేమో అనిపించేది. డల్సీ కూడా ఆ ఊరి పేట బ్రన్స్విక్‌లో పుట్టి బ్రన్స్విక్‌లో పెరిగిందే. కానీ ఆ మాట అనడానికి ఆమెకు కాస్త ఎక్కువ హక్కే ఉంది. అక్కడ ఆమెకు నిజంగానే ఒక ఇల్లుంది. అంటే, వాళ్ళమ్మ హిల్డాకి ఉంది.

హిల్డా 1920లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఒంటరిగా ఓడ దిగింది. పెర్సీ ప్రెస్కాట్ అనే వడ్రంగిని పెళ్ళాడింది, ఒక్క కూతుర్ని కంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పళ్ళేలు ఇంకా తీయకముందే, ఆమె నోట బీచ్‌క్రాఫ్ట్ వచ్చేది. ఇంగ్లండ్ ఉత్తరాన హెక్సమ్ ఊళ్ళో వాళ్ళింటి పేరది. రాతి ఇల్లు. హాల్లో పియానో, దాని మీద రెండు ఇత్తడి కొవ్వొత్తి దీపాలు. తోటలో గోడకు ఆనించి పాకించిన బేరి చెట్టు. గదికొకటి చొప్పున చలి కాచుకునే పొయ్యిలు. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాల మీద మంచు పువ్వులు పూసేవి.

"అమ్మా, ఎన్ని పొయ్యిలు?" అని అడిగేది చిన్న డల్సీ, తెలిసే.

"పదకొండు. తెల్లారేసరికి పదకొండూ మండుతుండేవి."

మెల్‌బోర్న్ ఎండల్లో పెరిగిన పిల్లకు పదకొండు పొయ్యిల ఇల్లంటే అంతకు మించిన వైభోగం లేదు. బళ్ళో ఆ ఇంటి బొమ్మ వేస్తే టీచరు గోడకు అంటించింది. ఆ తర్వాత కరువు రోజులొచ్చాయి. పెర్సీకి పని లేదు. రాత్రి భోజనమంటే రొట్టె మీద మాంసం కొవ్వు రాసుకుని తినడమే. అలాంటి పూట హిల్డా బీచ్‌క్రాఫ్ట్‌లో క్రిస్మస్ కేకు ఎలా చేసేవారో చెబుతుంటే డల్సీకి సగం కడుపు నిండేది. నలభయ్యొకటో ఏట కూడా, వానపడే పొద్దుల్లో గంట తాడు లాగుతూ ఆమె ఆ కేకు తలచుకునేది. చూడని ఇంటి మీద బెంగ పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. ఆమె పెట్టుకుంది.

సెలవు కబురు ట్రాములో పొక్కింది. ఇక ఎక్కినవాళ్ళందరూ సలహాదార్లే. వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది స్టావ్రూలాను. గ్రీసు నుంచి వచ్చి దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది, రోజూ ఆరున్నర బండి ఎక్కేది.

"నా మాట విను డల్సీ, మా ఊరు పో. మా అక్కుంది. మంచం వేస్తుంది, అంజూరపళ్ళు పెడుతుంది, ఇంకాస్త ఒళ్ళు చేయించి పంపిస్తుంది."

"ఉన్న ఒళ్ళు చాలదా నాకు?"

"చాలదు. చాలితే ఈపాటికి పెళ్ళయ్యుండేది."

బండంతా నవ్వింది. డల్సీ కూడా నవ్వి, ఆమె టికెట్టు కాస్త గట్టిగానే చింపి ఇచ్చింది.

డ్రైవరు క్లారీ మాట వేరు. "ఫిజీ పో. ఎండ, సముద్రం, పలకరించే వెధవ ఒక్కడుండడు. నేనైతే పదమూడు వారాలూ కుర్చీలో కూలబడి ఉంటా."

"ఇప్పుడు చేసేదీ అదేగా క్లారీ. బండి కదుల్తుంటుంది, అంతే తేడా."

"మరి నువ్వెక్కడికో చెప్పు."

"ఎక్కడికేంటి, ఇంటికే. మా అమ్మను తీసుకుని."

ఆ మాట అందరికీ నచ్చింది, ఒక్క హిల్డాకు తప్ప. నలభై నాలుగేళ్ళుగా బీచ్‌క్రాఫ్ట్ అంటూ ప్రాణం పెట్టిన మనిషి, ఓడ టికెట్టు మాటెత్తేసరికి మొహం చిట్లించింది.

"ఏప్రిల్లో ఓడ ఉందమ్మా," అంది డల్సీ.

"నా మోకాళ్ళు ఓడ మెట్లెక్కవు."

"ఎక్కించే మనుషులుంటారు."

"ఏప్రిల్లో అక్కడ చలి."

"మనం చేరేసరికి మే వస్తుంది."

"మేలో వానలు."

"జూన్ దాకా ఉందాం మరి."

"జూన్‌లో ఏముంది అక్కడ చూడ్డానికి? నువ్వు చిన్నపిల్లవి, జపాన్ పో. అక్కడ గుళ్ళు బావుంటాయట."

నలభయ్యొక్కేళ్ళ చిన్నపిల్ల ఓడల వేళల కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఆలోచించి ఆలోచించి, అమ్మ భయం తనకు అర్థమైందనుకుంది. ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో, గుమ్మంలోకి రానిస్తారో లేదో అని వెనకాడుతోంది, అంతే. దానికో మందుంది. అమ్మకు చెప్పకుండా హెక్సమ్‌కు ఉత్తరం రాసింది. మా అమ్మ పేరు హిల్డా రాబ్సన్, మీ ఇంట్లోనే పుట్టి పెరిగింది, మీరెవరైనా సరే ఒక్కసారి లోపలికి రానిచ్చి ఆ గదులు చూడనిస్తే ఆవిడ జన్మ ధన్యమవుతుంది అని రాసింది. జవాబు డిపో చిరునామాకు పంపమంది.

ఆరు వారాలకు జవాబొచ్చింది. డిపోలో టీ తాగే గదిలో, బల్ల చివర కూర్చుని విప్పింది.

"ప్రియమైన మిస్ ప్రెస్కాట్, హిల్డా క్షేమంగా ఉందని తెలిసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఈ ఇల్లు మా తాతగారి నాటి నుంచీ మాదే. హిల్డా పదమూడో ఏట అనాథ బాలికల ఆశ్రమం నుంచి మా ఇంట్లో పనికి వచ్చింది. మేము లేచేసరికి పదకొండు పొయ్యిలూ రాజేసి ఉంచేది. నేను పియానో నేర్చుకుంటుంటే, దుమ్ము దులిపే వంకతో తలుపు దగ్గర నిలబడి వినేది. ఒక సంగతి మీరు ఆమెకు తప్పక చెప్పాలి. 1920 జనవరిలో మా అమ్మగారు కోటుకు గుచ్చుకునే పచ్చల బ్రూచి కనబడలేదు. హిల్డాయే తీసిందని అదే రోజు పంపించేశారు. మరో చోట పని దొరకడానికి మంచి మాట ఒక్కటీ రాసివ్వలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ బ్రూచి మా అమ్మగారి పాత కోటు లైనింగులో దొరికింది. క్షమించమని రాద్దామంటే ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా అమ్మగారు పోయేముందు కూడా ఆ మాటే తలచుకున్నారు. మీరిద్దరూ రావాలి. టీకి మీ కోసం ఎదురుచూస్తాను. కాన్‌స్టెన్స్ ఆర్మిటేజ్."

ఎదురుగా టీ చల్లారిపోయింది. క్లారీ వచ్చి బండి వేళయిందని పిలిస్తే లేచి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం రెండు స్టాపుల దగ్గర గంట కొట్టడం మరిచిపోయింది. పదిహేనేళ్ళలో అది ఎప్పుడూ జరగలేదు.

ముందు కోపం వచ్చింది. బళ్ళో గోడకెక్కిన ఆ బొమ్మ గుర్తొచ్చి మొహం వేడెక్కింది. తర్వాత నానమ్మ గుర్తొచ్చింది. పెర్సీ తల్లి హిల్డాను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఓడ దిగిన పనిపిల్ల" అనేది, భోజనాల బల్ల దగ్గర, నలుగురి ముందు. ఆ పియానో ఏ బల్ల దగ్గర పుట్టిందో డల్సీకి అప్పుడు తెలిసింది. బండి డిపోకు చేరేలోపు ఏం చేయాలో నిర్ణయించుకుంది.

"అమ్మా, ఇంగ్లండ్ వద్దులే. చలికి నేను తట్టుకోలేను. ఫిజీ పోదాం," అంది ఇంటికి రాగానే.

"నీ ఇష్టం," అంది హిల్డా, పెద్దగా పట్టనట్టు. కానీ ఆ సాయంత్రం పండగ కాకపోయినా పుడ్డింగు చేసింది. మర్నాడు మోకాళ్ళ నొప్పి మాయమైంది. లైబ్రరీ దాకా నడిచి వెళ్ళి ఫిజీ మీద పుస్తకం తెచ్చుకుంది, అక్కడి చేపల పేర్లు కూతురికి చదివి వినిపించింది. ట్రాములో క్లారీ తన మాటే నెగ్గిందని రొమ్ము విరుచుకున్నాడు. స్టావ్రూలా పెదవి విరిచింది. "ఫిజీలో మా అక్క లేదు," అంది, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు.

అక్కడితో అయిపోయి ఉండేది. అమ్మ ఇల్లు అమ్మకు మిగిలేది. కానీ ఉత్తరం సంచీలోనే ఉంది, నాలుగు రోజులుగా ఉంది. కేకు, పియానో, బేరి చెట్టు అబద్ధమైతే అయ్యాయి, అవి ఉంటే ఎవరికీ నష్టం లేదు. దొంగ అన్న మాట అలాంటిది కాదు.

హిల్డాకు ఒక అలవాటుంది. ఎవరింటికి వెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు ఆ ఇంటివాళ్ళ ఎదురుగానే చేతిసంచీ బోర్లించేది. రుమాలు కనబడలేదని ఒక్కొక్క వస్తువూ తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టుకునేది. రుమాలు ఎప్పుడూ చేతిలోనే ఉండేది. హిల్డా చాదస్తం అని వీధివాళ్ళంతా నవ్వుకునేవారు, పెర్సీ నవ్వేవాడు, అందరికంటే ఎక్కువ డల్సీ నవ్వేది. శుక్రవారం నాడు పక్కింటి గుమ్మంలో అమ్మ సంచీ బోర్లిస్తుంటే డల్సీకి నవ్వు రాలేదు.

శనివారం మధ్యాహ్నం వంటింట్లో హిల్డా చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. డల్సీ ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నేనొక పొరపాటు చేశాను. బీచ్‌క్రాఫ్ట్‌కి ఉత్తరం రాశాను."

హిల్డా చేతులు ఆగిపోయాయి. "ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"జవాబొచ్చిందా?"

"వచ్చింది."

"చదివేశావా?"

"నాకే రాశారు కదమ్మా."

డల్సీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. హిల్డా దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ఏప్రాను కొంగుకు చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది. "కోనీ దొరసాని చేతిరాతే," అంది. చిన్నప్పుడు కాన్‌స్టెన్స్‌ను ఆ ఇంట్లో అలా పిలిచేవారు. చివరిదాకా చదివి, మధ్యలో ఒకచోట వేలు పెట్టి అక్కణ్ణుంచి మళ్ళీ చదివింది.

"లైనింగులో," అంది.

"అవునమ్మా."

"ఆ కోటుకి బ్రష్షు కొట్టేది నేనే. రోజూ కొట్టి కొక్కేనికి తగిలించేదాన్ని. అన్నాళ్ళూ నా చేతుల్లోనే ఉందన్నమాట."

అని ఏడ్చింది. అమ్మ ఏడవడం డల్సీ అంతకుముందు ఒక్కసారే చూసింది, నాన్న పోయినప్పుడు. లేచి వెళ్ళి భుజం పట్టుకుంది. మిగిలిన చిక్కుళ్ళు దగ్గరికి లాక్కుని ఈనెలు తీయడం మొదలెట్టింది. గిన్నెలో సగం అయ్యాక హిల్డా తలెత్తింది.

"పియానో మనది కాదు డల్సీ."

"తెలిసిందమ్మా."

"బేరి చెట్టు కూడా."

"ఊఁ."

"మీ నానమ్మ ఎదురుగా కూర్చుని అలా అంటుంటే ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. తర్వాత నువ్వు పుట్టావు. నీకా కబుర్లంటే ఎంతిష్టమో."

"ఇప్పుడూ ఇష్టమే."

"నా మీద కోపం రాలేదూ?"

"వచ్చింది. రెండు స్టాపుల దాకా ఉంది."

హిల్డా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. ఉత్తరం మడతల ప్రకారం మడిచి, చేత్తో సాపు చేసింది.

"ఫిజీ టికెట్లు కొన్నావా?"

"ఇంకా లేదు."

"కొనకు. కాగితం తెచ్చుకో. వస్తున్నామని రాయి."

"మేలో వానలన్నావు."

"పడనీ."

"మరి మోకాళ్ళు?"

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకే. రాయి."

డల్సీ కాగితం, కలం తెచ్చుకుని బల్ల మీద చిక్కుడు ఈనెలు పక్కకు తోసి కూర్చుంది. రెండు వాక్యాలు రాసి తలెత్తింది. "ఇంకేమైనా రాయనా?"

హిల్డా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"టీ కోనీయే పోయాలని రాయి. పొయ్యి ఆరిపోతే అదీ తనే చూసుకోవాలి. నేను మాత్రం కుర్చీలోంచి లేవనని రాయి."

"అలా ఎలా రాస్తారమ్మా?"

"నేను చెప్పినట్టు రాయి."

డల్సీ అలాగే రాసింది.