అమ్మ చామొమైల్ మడి

నాన్న గురక మా వీధంతటికీ తెలుసు. ఆయనకు తప్ప. తెల్లారి ఎర్రబడ్డ కళ్ళతో అమ్మ కాఫీ ఇస్తే, "రాత్రంతా ఏటి సేశావే?" అని జాలిగా అడిగేవాడు.

విశాఖలో నర్సుగా చేస్తున్న మా పిన్ని అమ్మ బాధ చూడలేక చామొమైల్ విత్తనాలు తెచ్చింది. ఆ పూలు వేడినీళ్ళలో వేసుకుని తాగితే నిద్ర పడుతుందట. నర్సీపట్నం ఎండకి బతకదేమోనని, చలికాలం మొదలవగానే పెరట్లో చిన్న మడి కట్టి అమ్మ చల్లింది. మట్టి కప్పకూడదని పిన్ని చెప్పింది కాబట్టి, నూకల్లాంటి ఆ విత్తనాలకు కోళ్ళ నుంచి నేను కాపలా.

మొలిచిన మొక్కల్ని చూసి పక్కింటి చెరుకు రైతు భార్య బుగ్గ నొక్కుకుంది. "ఏటమ్మా, వయ్యారిభామ కలుపుకి మడి కట్టినావేటి! పీకీమంటావా?"

అమ్మ అడ్డం పడి ఆపింది గానీ, నాన్నకు అది చాలు. టైలరు షాపు కట్టేసి వచ్చిన ప్రతి సాయంత్రం "నీ వయ్యారిభామ కులాసాయేనా?" అనేవాడు. అమ్మ జవాబు ఆ రోజు కూరలో ఉప్పు చెప్పేది.

చలి తగ్గేవేళకి పూసింది. పసుపు బొడ్డు, తెల్ల రేకులు, ఆపిల్ పండు వాసన. పక్కింటావిడ రెండు కోసి కొప్పులో పెట్టుకుని, "మా ఇంటికీ ఇత్తనాలియ్యమ్మా" అంది, పీకబోయింది తను కానట్టే.

ఎండిన పూలతో అమ్మ మొదటిసారి టీ కాచిన ఆదివారం, ముందు తను రుచి చూస్తానని నాన్న పట్టుబట్టాడు. "గడ్డి నీళ్ళు" అంటూనే, పంచదార కలిపించుకుని గిన్నె ఖాళీ చేశాడు. చర్చి నుంచి వచ్చి భోంచేసి పడుకున్నవాడు సాయంత్రం దాకా లేవలేదు. గురక రోడ్డు మీదకి వినిపించింది.

అమ్మ నవ్వీ నవ్వీ, మంచం వరండాలోకి లాక్కుంది. ఆ రాత్రి నుంచి రోజూ టీ కాచుకు తాగి హాయిగా నిద్రపోయింది. అంతా తన టీ మహిమేనంది. "వరండా గాలి మహిమ," అన్నాడు నాన్న.

వారం తిరక్కుండా ఆయనా మంచం బయటికి తెచ్చాడు.

"మీరెందుకండీ?"

"లోపల ఒక్కణ్ణే ఉంటే నిద్ర పట్టట్లేదే."

అమ్మ వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.