పాలు విరగాలని ఎదురుచూసిన రోజు

2009 మే నెలలో నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా లక్సెట్టిపేట వైపు వేశారు. నా సర్వీసుకు కరీంనగర్ పట్టణం రావాల్సింది. పై అధికారి దాన్ని తన మనిషికి ఇచ్చుకున్నాడు. ఆ సంగతి ఇక్కడ అనవసరమే, అయినా రాసి ఉంచుతున్నాను.

మా ఆహార కల్తీ నిరోధక చట్టంలోని ‘ప్రిజర్వేటివ్’ అనే మాట మీద నాకు మొదటినుంచీ ఆసక్తి. ఆహారం పులియకుండా, కుళ్లకుండా ఆపేది ఏదైనా ప్రిజర్వేటివే. ఉప్పు, చక్కెర, తేనె మొదటి తరగతి. రసాయనాలు రెండో తరగతి, వాటికి కొలత ఉంటుంది. జనం మాత్రం ఉప్పును వదిలేసి, రసాయనాన్ని ‘మందు’ అంటారు. శవాలను నిల్వ ఉంచే ఫార్మలిన్‌ను పాలలో కలపడం పూర్తిగా నిషిద్ధం.

బస్టాండు దగ్గర బర్రెపాలు అమ్మే రాజవ్వ ఆ ఫార్మలినే కలుపుతోందని, అందుకే ఆమె పాలు రెండ్రోజులైనా చెడటం లేదని ఫిర్యాదు వచ్చింది. పుకారు ముందే పాకి, సగం ఇళ్లవాళ్లు ఆమె దగ్గర పాలు మానేశారు. నేను ఉదయాన్నే చెప్పకుండా వెళ్లి, ఆమె క్యానులోంచి నమూనా తీశాను. చాయ్ హోటల్ నడిపే ఖాదర్ భాయ్ సాక్షి. పాలను మూడు సీసాల్లో పోసి, ల్యాబుకు చేరేలోపు చెడకుండా నిబంధన ప్రకారం చుక్కలు వేశాను.

“గదేంది సారూ పోస్తున్నవ్?” అంది రాజవ్వ.

ఫార్మలిన్ అని చెప్పాను.

“నేను పోసిన్నని వచ్చి నువ్వే పోస్తివి. ఇగ నా పాలల్ల మందు లేదని ఎవలు చెప్తరు?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె అడిగినదానికి మా నిబంధనల్లో జవాబు లేదు. క్యానులో మిగిలిన పాలు ఒక గిన్నెలో పోయించి, అందరికీ కనిపించేలా హోటల్ బల్లమీద పెట్టించాను. మందు ఉంటే ఆ ఎండకు కూడా పాలు చెడవు.

పై అధికారికి ఫోన్ చేసి చెప్పాను. పాలకు కాపలా కాయడానికి ప్రభుత్వం జీతం ఇవ్వడం లేదన్నాడు. నేను కదల్లేదు.

మధ్యాహ్నం మూడు దాటినా పాలు చూడటానికి బాగానే ఉన్నాయి. రాజవ్వ ముఖం వాడిపోయింది. పులుపు పైకి కనిపించకపోవచ్చని, గిన్నెను పొయ్యి మీద పెట్టమన్నాను. కాసేపటికి పాలు గడ్డలు గడ్డలుగా విరిగిపోయాయి.

“పాలు పలిగితే సంబరపడేదాన్ని నిన్నే చూస్తున్న రాజవ్వా,” అన్నాడు ఖాదర్ భాయ్.

“సంబరమేంది భాయ్, నా బత్కు నిలవడ్డది. పొయ్యి జర తగ్గియ్యి, గిన్నె మాడుతది.”

మర్నాటినుంచి పాత ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఫిర్యాదు చేసినాయన ఇంట్లో పాలను పూటపూటకూ కాచేవారట, అందుకే చెడలేదు. కాచడమూ నిల్వ చేసే పద్ధతే.

పాలలో వెన్న శాతం సరిపోయిందని ల్యాబు రాసింది. ఫార్మలిన్ సంగతి తేల్చలేమంది, అందులో నేను వేసినదీ ఉంది గనుక. గిన్నె పరీక్ష గురించి నేను రాసిన పేరాను పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేశాడు. సమీక్షా సమావేశంలో నన్ను ‘పాల కాపలాదారు’ అన్నాడు. ఆయన పదవీ విరమణ సభకు నేను వెళ్లలేదు.

నమూనాను కాపాడటానికి వేసే చుక్క, వెతుకుతున్న సాక్ష్యాన్నే చెరిపేయగలదు. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ఫార్మలిన్ అనుమానం ఉన్నచోట ముందు పాలలో యాసిడ్ పోసి, ఫార్మలిన్ ఉంటే కనిపించే ఊదారంగు వలయం వస్తుందేమో అక్కడికక్కడే పరీక్షించి, ఆ తర్వాతే సీసాల్లో చుక్కలు వేశాను.