ఉయ్యాల దూలం

మొన్న మంగళగిరిలో మా మనవరాలికి గిటార్ కొందామని ఓ షాపుకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఒకటి తీసి, దానికి వేలాడుతున్న ఆకుపచ్చ చీటీ చూపించి, "దీనికోసం చెట్టు కొట్టలేదు మేడమ్. పాత ఇళ్ళ కర్రతో చేసిందే. ఎవరికీ ఏ హానీ జరగలేదు" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, ఆ చీటీ మీద. పాత ఇంటి దూలం ఎంత నెత్తురు తాగుతుందో నేను కళ్ళారా చూశాను.

మా చిన్న మావయ్య గిటార్లు చేసేవాడు. అసలు మంచాలూ బీరువాలూ చేసే వడ్రంగి. ఎవరో చర్చివాళ్ళు విరిగిన గిటార్ తెచ్చి బాగుచేయమంటే, అందులో పడి కొట్టుకుపోయాడు. "మంచానికి నాలుగు కోళ్ళు పెట్టవయ్యా అంటే ఆరు తీగలు కడతాడు" అని మా అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. గిటార్‌కి ఇరుగుడు కర్ర కావాలి, షాపులవాళ్ళు రోజ్‌వుడ్ అనేది అదే. అడవిలో దొంగతనంగా కొట్టిన దుంగలు చవగ్గా ఇస్తామని వచ్చినవాళ్ళని మావయ్య వీధి చివరిదాకా తిట్టి పంపేవాడు. పడగొట్టే మిద్దెల దూలాలే కొనేవాడు. దానికీ ఓ పద్ధతి పెట్టుకున్నాడు. ఆ ఇంటి వాటాదారులంతా పసుపు చేతులు దూలానికి అద్దాకే కిందికి దింపాలి. చెయ్యి పడని కర్ర పలకదట. అత్తయ్య తల పట్టుకునేది.

పర్చూరు దగ్గర ఓ పల్లెలో మిద్దె పడగొడుతున్నారని కబురు తెచ్చింది నేనే. ఆ ఇంటి పెద్దకోడలు నాతో చదువుకుంది. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి ఇల్లు. నడవలో ఇరుగుడు దూలం, దానికి రెండు ఇనుప కొక్కేలు. వాళ్ళమ్మ ఆ కొక్కేలకే ఉయ్యాల కట్టి ఇద్దరినీ పెంచింది. నా వెంట వచ్చి ఆ దూలం చూడగానే మావయ్య మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. తమ్ముడేడని అడిగాడు. "గుంటూరు మిర్చి యార్డుకి కాయలేసుకుని పోయాడండీ. వాడి చెయ్యి వేరా, నా చెయ్యి వేరా? నేనే రెండు చేతులూ వేస్తా, దింపండి" అన్నాడు అన్న. కర్ర మోజులో మావయ్య సరేనన్నాడు. అన్న రెండు అరచేతులకీ పసుపు పూసుకుని దూలానికి అద్దాడు. ఒకటి తనది, ఒకటి తమ్ముడిది.

దూలం ఒక కొస ట్రాక్టర్ ఎక్కింది, ఒక కొస ఇంకా నేల మీదే ఉంది, అప్పుడు వచ్చాడు తమ్ముడు. పసుపు ముద్రలు చూశాడు. "ఈ రెండోది ఎవరిది?" అన్నాడు గొంతు పెంచకుండానే.

"నీదే అనుకోరా."

"నేను బతికుండగానే నా చెయ్యి నువ్వేస్తావా?" అంటూ కూలీల గొడ్డలి అందుకున్నాడు. మొదటి దెబ్బ అన్న భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది, ఎండుకంప విరిగినట్టే. అన్న పడుతూనే తమ్ముడి కాళ్ళు లాగి, పక్కనే ఆరబోసిన మిరపకాయల్లో వాడి మొహం వేసి రుద్దాడు. కళ్ళు మండి ఏమీ కనపడనివాడి చేతిలో గొడ్డలి ఇంకా ఉంది. నా స్నేహితురాలు మొగుడి మీద పడి అరుస్తుంటే, ఆ అరుపు వచ్చిన వైపే వాడు మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. మావయ్య ఎడంచేత్తో దూలం ఊతం పట్టుకుని, కుడిచేత్తో వాణ్ణి తోశాడు. గొడ్డలి ఆయన ఎడంచేతి వేళ్ళమీదుగా దూలంలో దిగబడింది. తెగిన వేళ్ళ కోసం ఆ కాయల్లో వెతికింది నేను. ఏది కాయో ఏది నెత్తురో తెలియలేదు. నా చేతుల మంట ఎప్పుడో తగ్గింది కానీ, ఎండుమిర్చి తొడిమలు తీసే పని ఇప్పటికీ నేను ముట్టుకోను.

అన్న బతికాడు, ఆ చెయ్యి మాత్రం పైకి లేవదు. తమ్ముడు జైలుకెళ్ళి వచ్చాడు. మూడు తరాలు ఇంటికప్పు మోసిన దూలం, సాక్ష్యమని పోలీస్ స్టేషన్ ఆవరణలో పడి, వానకి నాని చెదపట్టింది. కేసు తేలాక మావయ్య మళ్ళీ దానికోసం బయల్దేరితే నేను మండిపడ్డాను. "వదిలేస్తే ఆ చెట్టుని ఊరికే చంపినట్టవుద్దే" అన్నాడు. ఈసారి అన్నదమ్ములిద్దరూ రావాల్సిందేనని పట్టుబట్టాడు. వచ్చారు. ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. తమ్ముడు తన పసుపు చెయ్యి అద్దాడు. అన్న చెయ్యి లేవలేదు. కాసేపు చూసి, తమ్ముడే ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, పసుపు పూసి, ఎత్తి దూలం మీద పెట్టాడు. ఎవరి దారిన వాళ్ళు పోయారు.

చెద తినగా మిగిలిన కర్ర ఒక్క గిటార్‌కి, అందులోనూ వేళ్ళు ఆనే పలకకి మాత్రమే సరిపోయింది. తీగలు నొక్కే వేళ్ళు మావయ్యకి లేవు కాబట్టి ఆయన దాన్ని వాయించలేదు. గొడ్డలి గాటు మాత్రం చెక్కేయకుండా అలాగే ఉంచాడు. షాపు గిటార్ ఆ అమ్మాయికే వెనక్కిచ్చేసి, మావయ్య నాకిచ్చిన ఆ గిటార్‌నే మనవరాలికి ఇచ్చాను. గాటు దగ్గర మనవరాలి వేలు ఆగినప్పుడల్లా నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు. అన్న మీద చెయ్యి ఎత్తడానికి తమ్ముడికి ఒక్క క్షణం పట్టింది, అన్న చెయ్యి ఎత్తడానికి ఏళ్ళు పట్టింది.