ఒప్పందానికి అడ్డం పడ్డ సుజాత

2023లో నేను అశోక్‌నగర్‌లోని ఓ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో అంతర్జాతీయ సంబంధాలు చెప్పేదాన్ని. అభివృద్ధి హక్కుపై ఐక్యరాజ్యసమితిలో ముసాయిదా ఒప్పందం నలుగుతున్న రోజులవి. ఆ హక్కు మీద డిక్లరేషన్ ఎప్పుడో వచ్చింది. డిక్లరేషన్ అంటే దేశాలన్నీ కలిసి చెప్పిన మంచిమాట. బైండింగ్ ట్రీటీ అలా కాదు, ఒప్పుకున్న దేశం కట్టుబడి తీరాలి. పాఠం చెబితే ఈ తేడా ఎవరికీ ఎక్కడం లేదని, తరగతినే ఓ సభగా మార్చి పిల్లలకు దేశాలు పంచాను.

ఒప్పందం వద్దనే ధనిక దేశం పాత్రకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. సరిగ్గా అప్పుడే సుజాత నా దగ్గరికొచ్చింది. వాళ్ల అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, దోమలగూడ బస్తీలో ఉంటూ కూలికి వెళ్లేవారు.

“కోచింగ్ బంద్ జేస్తున్న మేడమ్. నలుగురిల నోరు పెగుల్తలేదు. గిట్లుంటే ఆఫీసరై ఏం జేస్త?”

“రేపు మానేద్దువుగాని. ఇవాళ ఆ కుర్చీలో కూర్చో. అన్నిటికీ వద్దనడమే నీ పని,” అన్నాను.

గాంధీనగర్ కుర్రాడు రవి పేద దేశాల తరఫున లేచాడు. “అభివృద్ధి మా హక్కు. మీరు సాయం చేసి తీరాలి. ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోం.”

అందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఆమె బెరుకు కాస్త వదిలినట్టుంది.

“హక్కు ఎవరిది అన్నా? మీ సర్కారుదా, జనాలదా? డ్యామ్ కడితే ఊరు మునుగుతది. మునిగేటోళ్లను ముందుగాల అడుగుతరా? గది రాయుండ్రి, అప్పుడు జూద్దాం.”

రవి తల గోక్కున్నాడు. “సరే, ప్రజలను అడిగితే మంచిదని రాస్తాం.”

“మంచిది గించిది కాదు. అడిగి తీరాలె!”

“అలాగైతే సాయం దగ్గరా మీరు ‘తీరాలి’ అని ఒప్పుకోవాలి కదండీ?”

తరగతి గొల్లుమంది. తన మాటకు తనే చిక్కిన సుజాత, “తియ్, రెండూ రాయుండ్రి, సంతకం పెడ్తం!” అంది. చప్పట్లు మోగాయి. తరగతి అయ్యాక నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగుతూ కూడా వాళ్లిద్దరూ ఒక్కో వాక్యం మీద కొట్లాడుకుంటూనే ఉన్నారు.

సుజాత కోచింగ్ మానలేదు. రెండో ప్రయత్నంలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు గ్రామసభల్లో మైకు పట్టుకుంటోంది. అసలు ఒప్పందం మీద దేశాలింకా బేరమాడుతూనే ఉన్నాయి.

నోరు విప్పని పిల్లలకు అంతకుముందు ధైర్యం చెప్పేదాన్ని. ఇప్పుడు కాదనే పని అప్పగిస్తున్నాను.