దొర తీసిన చెంగమ్మ ఫోటో

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది రాశాక కూడా ఆ మంట తగ్గదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

తిరుపతిలో ఒక మ్యూజియంలో కాంట్రాక్టు ఉద్యోగం నాది. బ్రిటిషు కాలంలో ఒక దొర మా చిత్తూరు పల్లెల్లో తిరిగి, గాజు పలకల మీద తీసిన ఫోటోలున్నాయి. వాటిని స్కాన్ చేసి, ప్రదర్శనకు తెలుగులో చీటీలు రాయాలి.

ఒక పలక మీద ఒక్కతే నిలబడిన ఆడమనిషి. ఆ కాలంలో ఫోటోకి కాసేపు కదలకుండా ఉండాలి. ఈమె తల తిప్పేసింది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక. కింద ఇంగ్లీషులో దొర రాత, దొంగ ఆడది అని.

ఆ మాట నేను రాయనన్నాను.

"పేరు తెలిస్తే అదే రాద్దాంలేమ్మా. తెలీదు కదా, ఉండేది రాయి," అన్నారు మా సారు.

దొర నోటుపుస్తకం ఒకటుంది. అందులో పదిహేనుమంది ఆడవాళ్ళ పేర్లు, ఒంటి మీది గుర్తులు. ఏ పేరు ఏ ఫోటోదో మాత్రం లేదు. ముఖమే లేనప్పుడు గుర్తులేం చేసుకోను?

కోపం పట్టలేక ఆ ఫోటోను వడమాలపేటలో ఉన్న మా అమ్మకు వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేశాను. ముఖం కూడా తెలియని మనిషిని దొంగంటున్నారు చూడమ్మా అన్నాను.

"మొగం తెలియకపోవడమేందే? బాగా కనపడతా ఉండాదే! కుడి కనుబొమ్మ మీద గాటు, గడ్డం మీద రెండు పచ్చబొట్టు సుక్కలు. అబ్బా, ఎంత కోపంగా సూస్తా ఉండాదో!"

మా అమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. సూదిలో దారం పక్కింటివాళ్ళు ఎక్కించాలి. నోటుపుస్తకం సంగతి ఆమెకు నేను చెప్పనేలేదు. పరుగున వెళ్ళి తెరిచాను. కనుబొమ్మ మీద గాటు, గడ్డం మీద రెండు చుక్కలు ఒక్కరికే ఉన్నాయి. పేరు చెంగమ్మ.

భయమేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? అయినా చీటీ మీద ఆ పేరే రాశాను. ఆధారమేదని సారు అడిగితే నోటుపుస్తకం చూపించాను, మా అమ్మ మాట కూడా దాచలేదు.

"పైవాళ్ళు అడిగితే నీ ఉద్యోగం పోతాది సూడు," అన్నారాయన. పోతే పోనీండి అన్నాను.

ప్రదర్శన మొదలైన రోజు అమ్మను తీసుకెళ్ళాను. పెద్దదిగా వేయించిన ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కళ్ళజోడు తుడుచుకుంది. ఫోన్ తీసి అందులోనూ చూసుకుంది.

"ఇప్పుడు నాకూ ఆ మొగం కనపడలేదే," అంది, ఏడుపు గొంతుతో.

ఆ రోజు అమ్మ ఏం చూసిందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. నాకున్న ఒక్క సాక్షి కూడా పోయింది. దొరకు మాత్రం ఏ సాక్షి ఉన్నాడని? చెంగమ్మ ఏం దొంగిలించిందో కూడా రాసుకోలేదు ఆ మహానుభావుడు. చీటీ తీయమని ఎవరైనా వస్తే రానీండి, నేనక్కడే ఉంటాను.